గొలుసు లాగినా కదలని కుక్క

విశ్వాసీ, కుక్కలు వెలుపలే ఉండాలన్న బైబిలు వాక్యాన్ని నువ్వు ఎవరి ముఖాన విసిరావు? నేను విసిరినది విను.

పోయిన ఆదివారం మండపేట కాలువగట్టున, మా ప్రార్థనశాల కిటికీ కింద దొరగారి వేటకుక్క చతికిలబడింది. దాన్ని తిప్పే నౌకరు చిట్టియ్య గొలుసు పట్టి లాగుతుంటే గోళ్లు నేలలో దించి మొరాయించింది. నా ప్రసంగం ఆపి, బెత్తంతో బయటికొచ్చాను.

"ఏరా, నువ్వు కుక్కని తిప్పుతున్నావా, అది నిన్ను తిప్పుతోందా? ఈడ్చుకుపో!"

"రావట్లేదండి అయ్యగారూ. దొరగారు ఇవాళ తొందరగా రమ్మన్నారు. ఆలస్యమైతే నా పని ఊడుతుందండి."

"అయితే నాలుగు తగిలించు!"

బెత్తం ఎత్తాను. చిట్టియ్య అడ్డం నిలబడ్డాడు.

"దాని తప్పు కాదండి. ఏడాదిగా ప్రతి ఆదివారం మీ ప్రసంగం అయ్యేదాకా ఇక్కడే నిలబడి వింటున్నానండి. దానికి అలవాటైపోయింది."

"లోపలికొచ్చి వినొచ్చుగా?"

"నిరుడు వచ్చానండి. కుక్క కంపు, వెలుపలికి ఫో అని మీరే అన్నారు కదండీ."

ఆ బెత్తం పడాల్సిన వీపు నాది.

విశ్వాసీ, నువ్వు తరిమినవాడి ఇల్లు నీకు తెలుసు. వచ్చే ఆదివారం అనకు. చెప్పులు తొడుక్కునేంత సేపు కూడా ఆగకు. ఇవాళే వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకురా!