పళ్లెంలో పేజీ

స్విచ్ వేయగానే గుంయ్‌మంది.

పాట లేదు, మాట లేదు. గుంయ్. గోడ మీది బల్లి తోక అక్కడే వదిలేసి పారిపోయిందంటే మీరు నమ్మరు, మానెయ్యండి.

గడియారాలు బాగుచేసే ఆయన తల పట్టుకున్నాడు. ఇంకో గంటలో ఈ గ్రంథాలయం హాలు నిండిపోతుంది. బిస్కెట్ల డబ్బాలో తన చేత్తో కట్టిన ఆంప్లిఫయర్ నలుగురి ముందు పాడాలి.

పాడకపోతే పగ తీరదు.

పగ ఎవరి మీదంటే, ఎలక్ట్రానిక్స్ మాసపత్రికలో పాఠకులకు జవాబులు రాసే మాస్టారి మీద. ఆర్నెల్ల కిందట ఈయన తన సర్క్యూట్ గీసి పంపి, ఎలా ఉందని అడిగాడు. మాస్టారు అచ్చులో జవాబిచ్చాడు: 'దీన్ని కడితే పాట వినపడదు. తుమ్మెదలు మాత్రం చుట్టమనుకుని వచ్చి చేరతాయి.'

ఆ రోజు నుంచి వీధిలో ఈయన పేరు తుమ్మెద.

అందుకే మాస్టారికి ఉత్తరం రాశాడు: 'ఆదివారం వచ్చి వినండి. పాడితే మీరు రాసిన పేజీ మీరే నమిలి మింగాలి.'

ముందు వరసలో ఆయనకో కుర్చీ వేశాడు. పక్కన స్టూలు. స్టూలు మీద పళ్లెం, పళ్లెంలో ఆ పేజీ, గ్లాసుతో మంచినీళ్లు.

"నీళ్లెందుకండీ?" అంది భార్య.

"గొంతుకడ్డం పడకుండా. నాకు జాలెక్కువ."

"ఆ జాలేదో నా చెవుల మీద చూపించండి. ముందు దాని నోరు మూయించండి."

కిటికీలోంచి ఒక ముసలాయన తొంగిచూశాడు. మాసిన చొక్కా, చంకలో గొడుగు. నవ్వితే ముందు రెండే పళ్లు, వాటి మధ్య ఇంత సందు.

"వాల్యూం సున్నాకి తిప్పు నాయనా."

తిప్పాడు. గుంయ్ తగ్గలేదు.

"అయితే బయట నుంచి రావట్లేదు. దొంగ పెట్టెలోనే ఉన్నాడు. ప్లగ్ పీకి మూత తియ్యి."

ముసలాయన లోపలికొచ్చి డబ్బాలోకి వంగి చూశాడు.

"ఈ ఎర్త్ తీగ డబ్బాకి రెండు చోట్ల అతికించావేం?"

"గట్టిగా ఉంటుందని. గడియారాల వాణ్ణి తాతా, రెండు మరలు బిగిస్తే గానీ నాకు నిద్రపట్టదు."

"దీనికి ఒక్కచోటే చాలు. రెండైతే కరెంటు ఆ తీగ చుట్టూ తిరిగి ఇలా గోల చేస్తుంది. ఈ చివర కత్తిరించు."

కత్తిరించి మళ్లీ స్విచ్ వేశాడు.

పాడే మనిషి ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది.

"చచ్చాడు మాస్టారు!" అని గంతేశాడు గడియారాలాయన. పళ్లెం చూపించి కథంతా చెప్పాడు. "ఆర్నెల్లుగా నాకు అన్నం సయించలేదు. ఇవాళ వాడు కాగితం తినాలి, నేను కళ్లారా చూడాలి."

"తప్పెక్కడుందో రాయలేదా ఆయన?"

"రాస్తే తెలివి అరిగిపోదూ! నన్ను చూపించి ఊరిని నవ్వించాడంతే."

ముసలాయన వంగి పళ్లెంలోని పేజీ చదివాడు.

"అయితే తినాల్సిందే," అని కుర్చీలో కూలబడ్డాడు.

"లే తాతా, లే! అది మాస్టారి కుర్చీ. సూటూ బూటూ వేసుకుని కార్లో దిగుతాడు. నువ్వు వెనక బెంచీకి పో."

"అలాగే నాయనా."

గడియారాలాయన స్పీకర్ల తీగల్లో తల దూర్చాడు. జనం వచ్చారు. పెట్టె గంటన్నర పాడింది. తుమ్మెద అన్నవాళ్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కుర్చీ మాత్రం ఖాళీ.

"చూశారా, భయపడి రాలేదు పిరికిపంద!" అన్నాడు మైకులో. హాలంతా ఘొల్లుమంది.

"ఆ ముసలాయనేడీ? ఒక మంచి మాటైనా చెప్పలేదు మీరు," అంది భార్య.

వెనక బెంచీ మీద ఎవరూ లేరు.

గెలిచిన వాడి నడకతో వెళ్లి పళ్లెం తీయబోయాడు.

గ్లాసులో నీళ్లు సగమే ఉన్నాయి.

పేజీలో తుమ్మెదల మాట ఉన్న మూల లేదు. తెగిన అంచు మీద పక్కపక్కనే రెండే రెండు పంటి గాట్లు, వాటి మధ్య ఇంత సందు.