నాలుగు వేళ్లు

“కదలబాకమ్మా! మూడు లెక్కపెట్టేదాకా ఓర్చుకో,” అన్నాను కెమెరా వెనకనుంచి.

మదరాసులో పాతసామాన్ల అంగట్లో చవగ్గా కొన్న నా లెన్సుకు షట్టరు లేదు. చేత్తో మూత తీసి, మూడు లెక్కపెట్టి, మళ్లీ మూయాలి. పులికాట్ సరస్సు మీదినుంచి మబ్బు కమ్ముకొస్తోంది. బొమ్మ పడే గాజు ప్లేటు ఒక్కటే మిగిలింది. ఆరుబయట కుర్చీలో కూర్చున్న రెబెక్కమ్మ తల మాత్రం ఊగుతూనే ఉంది.

“నేను ఓర్చుకుంటా నాయనా, ఈ వణుకు ఓర్చుకోదే! పటంలో మొహం చెదిరిందంటే నాకు జబ్బని, ఇది అందుకోంగానే మా కొడుకు సమాధానం కనిపెట్టేస్తాడు. సరిహద్దులో తుపాకీ పట్టుకొని ఉండాడు బిడ్డ.”

కోడలు నవోమి ముందుకొచ్చింది. “నేను పట్టుకుంటా అత్తా.”

“నువ్వు పట్టుకుంటే మెడ విరిగిద్ది. పొద్దున నీ అరుపులు దొరవారిసత్రం ఊరంతా వినింది.”

“పులుసులో రెండుసార్లు ఉప్పేసింది ఎవరంట?”

అంటూనే నవోమి కుర్చీ వెనక గొంతుక్కూర్చుని, చెయ్యి చాపి, అత్త చెంపకు వేళ్లు ఆనించింది.

తల నిలిచింది. మూత తీశాను. ఒకటి... రెండు... మూడు.

మూత పెట్టేశాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది.

“పటంలో చెంప మీద నాలుగు వేళ్లు పడుంటాయి. ప్లేటు కడిగాక చెరిపేస్తాలే,” అన్నాను.

“చెరపబాక నాయనా,” అంది రెబెక్కమ్మ. “మీ అత్తాకోడళ్లిద్దరికీ పడతా ఉందా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతాడు. ఏం రాయించాలో తెలీక ఇన్నాళ్లూ తప్పించుకున్నా. ఈసారికి ఆ వేళ్లు కనబడనీ.”