కుర్చీలోంచి లేవకూడదు

రెండో బస్సు కూడా ఆలస్యంగానే వచ్చింది. సీటు దొరికినా దర్జీ అక్క కుదురుగా కూర్చోలేకపోతోంది. సంచిలో టోకెను కాగితం ఉందో లేదో పదోసారి తడిమి చూసుకుంది. ఉంది. కాలుగాలిన పిల్లికి బస్సులో తిరగడానికి చోటు లేదు గానీ, ఉంటే తిరిగేదే.

గుండె దడకి వేసుకునే మాత్రలు నిన్న రాత్రితో అయిపోయాయి. డాక్టరు చీటీ లేనిదే దుకాణంవాడు ఇవ్వడు. ఇవాళ వంతు తప్పితే మళ్లీ రెండు వారాలకే. పోయినసారి అలా తప్పినప్పుడు నాలుగో రోజుకే కుట్టుమిషను మీద వాలిపోయింది. అందుకే ఆమెకి భయం.

పక్కసీటు పెద్దాయన ఊరుకోలేదు.

“డాక్టరు కనబడేది తెరమీదే అంటున్నావు. అదేదో ఇంట్లోంచి ఫోన్లో చూపించుకోవచ్చుగా?”

“ఒప్పుకోరు బాబాయ్‌గారూ. రోగి వాళ్ల కేంద్రంలోనే కూర్చోవాలి. నర్సు సాక్షి సంతకం పెట్టాలి.”

“పోనీ, తిన్నగా ఆ డాక్టరు దగ్గరికే పోరాదూ? మరీ అంత దూరమా?”

“దూరం సంగతి కాదండీ. ఆయన పేరు పక్క రాష్ట్రంలో నమోదైంది. మనల్ని తెరమీద చూడొచ్చు గానీ, చెయ్యి పట్టుకుని నాడి చూడకూడదట. చూస్తే ఆయన పట్టా ఊడుతుంది.”

“అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు” అని తేల్చేసి పెద్దాయన కిటికీవైపు తిరిగాడు.

కేంద్రంలో ఆమె వంతు వచ్చేసరికి పన్నెండున్నర అయింది. ఫోను బయట ట్రేలో పెట్టించారు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. ఇంట్లో మొగుడు ఒక్కడే ఉన్నాడు. రేకుల కార్ఖానాలో ముప్పై ఏళ్ల సుత్తి మోతకి ఆయన చెవులు రెండూ మొద్దుబారాయి. తనొచ్చేదాకా స్టవ్ ముట్టుకోవద్దని సైగ చేసి చెప్పింది, కాగితం మీద రాసి మరీ పెట్టింది. అయినా ఆకలేస్తే ఆగే మనిషి కాదు. పోయిన నెల ఒక కుక్కరు బొగ్గయింది.

“ఏడు నిమిషాలు” అంది నర్సు, ఆమె వేలికి నాడి మిషను తగిలిస్తూ. “మధ్యలో లేస్తే టోకెను రద్దు. డాక్టరుగారు లేచినా అంతే. జబ్బు సంగతి తప్ప ఇంకో మాట వద్దు, అంతా రికార్డవుతుంది.”

తెర వెలిగింది. కళ్లజోడు డాక్టరు, వెనకాల ఆకుపచ్చ కర్టెను. దాని అంచు కుట్టు జానెడు ఊడి వేలాడుతోంది. దర్జీ అక్కకి చేతులు దురదపెట్టాయి.

“ఆయాసం ఎలా ఉందమ్మా?”

“తగ్గిందండీ.”

“తగ్గడమేంటి? తెల్లవారుజామున దగ్గుతూ మూడుసార్లు లేచారుగా?”

“లేచానండీ” అని ఒప్పేసుకుంది.

నర్సు నోరు తెరిచింది. “మొహం చూసే పట్టేశారే!” అని మురిసిపోతూ రాసుకుంది.

అప్పుడే తెరలోంచి సన్నగా కుక్కరు కూత వినిపించింది. దర్జీ అక్క నడుం నిటారైంది.

“వాళ్లింట్లో వంట అవుతున్నట్టుంది. మీరు ఇటు చూడండమ్మా” అంది నర్సు.

రెండో విజిల్. వేలి మిషను మీద అంకె నూట పద్దెనిమిదికి ఎగబాకింది.

“అబ్బో, దడ బాగా ఎక్కువగా ఉంది సార్” అంది నర్సు. “మోతాదు పెంచుతారా?”

“అక్కర్లేదు. ఇది మాత్రకి తగ్గే దడ కాదు” అన్నాడు డాక్టరు. ఆయన కూడా కుర్చీలో ముళ్లున్నట్టు అటూ ఇటూ కదిలాడు, లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. గబగబా టైపు చేయడం మొదలుపెట్టాడు.

మూడో విజిల్. దర్జీ అక్క కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. లేస్తే మాత్రలు పోతాయి.

నర్సు తీరుబడిగా సంతకం పెట్టింది. ముద్ర కోసం సొరుగంతా వెతికింది. నాలుగో విజిల్ కూడా అయింది. చివరికి ముద్ర పడింది, చీటీ బయటికొచ్చింది.

“అయిపోయింది, రికార్డు ఆపేశాను” అంది నర్సు.

దర్జీ అక్క చీటీ లాక్కుని, తెరకి మొహం ఆనించి ఒక్క అరుపు అరిచింది: “ఇక లేవండి డాక్టర్‌గారూ, మీ మేడమెట్లు దిగి కింద మా వంటింట్లో ఆ స్టవ్ కట్టేయండి, మీరు పైనుంచి ఎంత పిలిచినా మా ఆయనకి వినబడదు!”