రెండు ఇంటిపేర్లు

ఆదిశేషమ్మను చంపింది ఆమె తమ్ముడు మోహన్‌కృష్ణే. ఆమె భర్త మాలకొండయ్యకు అందులో అనుమానం లేదు. అందుకే బామ్మర్దిని ఉదయగిరి నుంచి పిలిపించి, ఆత్మకూరు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే రిహానా ముందు నిలబెట్టాడు.

"ఒళ్లు తెలియని జ్వరంతో తెచ్చినాను. పడని ఇంజెక్షనే పొడిచినారు. పడదని మీ ఉదయగిరి బ్రాంచిలో రాసుండాదంట. ఇక్కడెందుకు లేదమ్మా?"

"అక్కడి పద్ధతి వేరన్నా. వాళ్లకు తండ్రి పేరుకొక గడి, పడని మందులకొక గడి ఉండేవి. మాకు భర్త పేరొక్కటే, మందుల గడే లేదు. నిరుడు రెండు పద్ధతులూ కలిపి, అన్ని గడులతో ఒకే పట్టీ చేసినారు."

"మరి కలిసింది కదా?"

"గడులు కలిసినాయి. మనుషులు కలవలా. అక్కడ దేవరపాటి ఆదిశేషమ్మ, ఇక్కడ చేజర్ల ఆదిశేషమ్మ. పుట్టిన తేదీ ఒకటే. ఇట్టాంటివి ఇంటికి ఫోన్ చేసి, ఇద్దరూ ఒకరేనా అని అడిగి కలపాల. హెడ్డాఫీసు వాళ్లు అడిగినారు. కాదన్నారంట."

మాలకొండయ్య బామ్మర్ది వైపు తిరిగాడు.

"విన్నావా? పుట్టింటికొచ్చిన మనిషిని ఆసుపత్రిలో చూపించేటప్పుడు మీ ఇంటిపేరు రాయించినావు. తాళి కట్టిన నాడే చేజర్ల మనిషి. మీకేం హక్కుండాదిరా?"

"మా నాయన రాయించినాడు బావా. మందు పడదని కూడా ఆయనే చెప్పి రాయించినాడు."

"కాదని నువ్వే చెప్పినావు."

"నాకు ఫోనే రాలేదు."

"అయిదేళ్లు నా గడప తొక్కలా. అక్క చచ్చినాక నోరొచ్చిందే నీకు."

వరసలో నిలబడ్డ రోగులు ఇటే చూస్తున్నారు.

"ఫోను మాటలు రికార్డయి ఉంటాయి," అంది రిహానా. "నేనూ వినలేదు. పెట్టమంటారా?"

"పెట్టు. వీడి బతుకు నలుగురూ వినాల."

"నలుగురికీ వినిపించకూడదన్నా. ఇవి పెట్టుకోండి."

మాలకొండయ్య ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాడు. అర నిమిషం విన్నాడు. మళ్లీ వేయమని వేలితో చూపించాడు. మళ్లీ విన్నాడు. తర్వాత వాటిని తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరు బావా? నేనేనా?"

మాలకొండయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇంక ఈ మాట ఎత్తబాక. చచ్చేదాకా నేనూ ఎత్తను."

అతను వెనక్కి చూడకుండా బయటికి నడిచాడు. మోహన్‌కృష్ణ ఇయర్‌ఫోన్లు అందుకుని, మళ్లీ వేయమన్నాడు.

"దేవరపాటి ఇంటిపేరోళ్లు మాకెవరూ లేరు, ఫోను పెట్టేయ్," అంటోంది మాలకొండయ్య గొంతు.