మూడో నంబరు కంప్యూటరు

“కోళ్ళ దొంగైనా కంప్యూటర్ దొంగైనా నాకొకటేనయ్యా. గంటలో పట్టేస్తా!” అన్నాడు ఎస్సై సంజీవరావు, వన్‌టౌన్‌లోని నాసిర్ నెట్ సెంటర్లో అడుగు పెడుతూనే.

గంట గడిచింది. ఆయన పట్టుకున్నది రెండు టీలు, ఒక సమోసా.

కేసు చిన్నదేం కాదు. సీఐ రామకోటేశ్వరరావుకి బదిలీ అయిందంటూ పై ఆఫీసు పేరుతో ఎవడో దొంగ మెయిలు పంపాడు. పాపం ఆయన మంచాలు, బీరువా, చివరికి తులసికోట కూడా లారీకెత్తించుకుని కొత్త స్టేషనుకెళ్తే, అక్కడి సీఐ తన కుర్చీలో తాపీగా ఇడ్లీ తింటున్నాడు. మెయిలు వెళ్ళింది నాసిర్ షాపులోని మూడో నంబరు కంప్యూటర్నుంచి. ఆ పూట షాపులో కూర్చున్నది చూపు ఆనని తాత బడే మియా. సాయంత్రానికి దొంగ దొరక్కపోతే షాపుకి తాళమే.

“సార్, ఆ ఉత్తరం ఇంకా ఉందండీ. ఫ్లాపీలో ఎక్కించా,” అని నాసిర్ ఆశగా అందించాడు.

“సాక్ష్యమన్నాక సీలు పడాలిగా!” ఎస్సై కొవ్వొత్తి మీద లక్క కరిగించి ధారగా పోశాడు. ఫ్లాపీ అప్పడంలా ముడుచుకుంది.

తర్వాత రుమాలు తీసి కీబోర్డూ మౌసూ తళతళలాడేలా తుడిచాడు.

“అదేంటి సార్?”

“వేలిముద్రలు సేకరిస్తున్నా.”

చివరికి మానిటర్ని భుజానికెత్తుకున్నాడు.

“సార్, అది ఉత్త టీవీ లాంటిదండీ. సరుకంతా కింద పెట్టెలో ఉంది!”

“నాకు చెప్తావా? అక్షరాలు కనపడేది దీంట్లోనేగా!”

నాసిర్ తల పట్టుకున్నాడు. ఈయన్ని నమ్ముకుంటే షాపు పోయినట్టే.

సాయంత్రం సీఐ తాళంకప్పతో వచ్చాడు, వెనకే ఎస్సై. నాసిర్ కాళ్ళావేళ్ళా పడి, రెండో నంబరు మానిటర్ని మూడో పెట్టెకి తగిలించాడు.

“ఇదిగో సార్, ఆ దొంగ ఉత్తరం. వాడే అదే టైములో ఇంకోటి కూడా కొట్టాడండీ. తెరిస్తే పేరు తెలిసిపోద్ది.”

“తెరువు!”

“తెరవకు నాసిర్,” అన్నాడు సంజీవరావు నీళ్ళు నములుతూ. “అది నా సెలవు చీటీ. మా పాప కూచిపూడి ప్రోగ్రాముందన్నా మీరు సెలవివ్వలేదు కదా, కొత్తగా వచ్చే సీఐ గారికిద్దామని...”

సీఐ కళ్ళెర్రజేశాడు. “ఇవన్నీ ఎవడు చేసిపెట్టాడయ్యా నీకు? మౌసు పట్టుకోవడమే రాదుగా!”

సంజీవరావు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“నాకు కంప్యూటర్ బాగానే వచ్చండీ సార్.”