నాలుగు దేశాల లెక్క

ఆఫీసు పట్టికలో ఆ జబ్బు నయమైనవాళ్ళు నలుగురు తేలారు. నార్వేలో ఒకరు, స్వీడన్‌లో ఒకరు, డెన్మార్క్‌లో ఒకరు, ఫిన్లాండ్‌లో ఒకరు. దేశానికొక వ్యాసం, వ్యాసానికొక రోగి.

వైద్యంలో ఏ దేశం ఎన్ని పరిశోధనా వ్యాసాలు రాసిందో లెక్కగట్టి, పక్క దేశాలతో పోల్చడం తూరిడ్ ఉద్యోగం. పదిహేనేళ్ళుగా అంకెలు చూసి ఏనాడూ భయపడలేదు. సోమవారం భర్త హాల్వర్ ఒక్కడే ఆస్పత్రికి వెళ్ళి ఆ జబ్బు పేరు మోసుకొచ్చినప్పటి నుంచి మాత్రం ప్రతి అంకె ఆమెను భయపెడుతోంది. నరాలను తినేసే జబ్బు. పెళ్ళయి ఏడాదైనా కాలేదు.

హాల్వర్ పడవల వడ్రంగి. రంపానికి రెండు వేళ్ళు పోయిన ఎడమచేత్తో కాఫీ కప్పు ఎత్తాలని చూస్తున్నాడు. కప్పు నిలవడం లేదు.

"నలుగురికి నయమైంది! వాళ్ళ డాక్టర్లతో ఇప్పుడే మాట్లాడతాను," అంది తూరిడ్.

"బతికారుగా, చాల్లే. ఇంక తవ్వకు."

"ఏం మనిషివయ్యా! ప్రాణం మీదికొస్తే చాల్లే అంటావా?"

"ఆఫీసు లెక్కలు వంటింట్లోకి తేకు తల్లీ. అక్కడ చేపల సూప్ అడుగంటుతోంది."

ఆమెకు నవ్వు రాలేదు. ఆఫీసులో తోటి ఉద్యోగిని బ్రీతాకు ఫోన్ చేసింది.

"ఆ నాలుగు వ్యాసాలూ పంపవా?"

అవతల కీబోర్డు టకటకలాడింది.

"తూరిడ్, నువ్వు మొదటి పట్టిక చూశావా? నాలుగు దేశాల డాక్టర్లు కలిసి ఒకే వ్యాసం రాస్తే, అందులో దేశానికొకటి వేస్తాం కదా. రెండో పట్టిక చూడు. దేశానికి పావు వంతే ఉంది."

కొత్తగా చేరినవాళ్ళు ఈ పొరపాటు చేస్తే చీవాట్లు పెట్టేది తూరిడే. నాలుగు పావులు కలిస్తే ఒకే వ్యాసం. ఒకే రోగి.

పోనీ, ఒక్కరైనా బతికారు. ఆ ఒక్కరిని పట్టుకున్నా చాలు.

బ్రీతా పంపిన వ్యాసం వచ్చింది.

"తెరవకు తూరిడ్," అన్నాడు హాల్వర్. అడ్డంగా చెయ్యి చాచాడు. అతను అంతగా భయపడడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

తెరిచింది.

మొదటి పుటలోనే ఉంది: "రోగి పడవల వడ్రంగి, ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు, ఆరేళ్ళ కిందట జబ్బు పూర్తిగా నయమైంది."

నయమైన ఆ ఒక్కడి చేతిలోనే ఇప్పుడు కప్పు నిలవడం లేదు.