అన్నం పెట్టని హోటల్

“గిదేంది తమ్మీ, మ్యాకలకేసినట్టు?”

భాగ్యలక్ష్మి ముందున్న గిన్నెను వేలితో అవతలికి నెట్టింది. కీరా ముక్కలు, పచ్చి ఆకులు, ఉడకబెట్టిన శెనగలు.

“సలాడ్ అక్కా. గీ కంఠేశ్వర్ ఏరియాల ఇప్పుడు అందరు గిదే తింటున్నరు. జల్ది తిను, రిజిస్ట్రేషన్ ఆఫీసుల మనకోసం చూస్తున్నరు,” అన్నాడు గంగాధర్.

“అన్నం లేదా?”

“ఇక్కడ అన్నం పెట్టరు.”

బాపు భూమిలో తన పాలు వద్దని సంతకం పెట్టడానికి చందూర్ నుంచి పొద్దుటి బస్సుకే వచ్చిందామె. పుట్టింట్లో తినొచ్చని ఉత్త చాయ తాగి బయల్దేరింది.

“నీ ఇల్లు గీ పక్క సందులనే గదరా. మరదలు నాకింత అన్నం వండలేదా?”

“పంచాయితీ వెట్టకు అక్కా.”

“ఇంటికెందుకు తీస్కపోలే? చెప్పు.”

గంగాధర్ చెంచాను బల్ల మీద కొట్టాడు. “ఇంటికొస్తె ఒడిబియ్యం పొయ్యాలె! ఆడబిడ్డ ఒడి నింపితే ఇంట్ల ఆమెకింకా హక్కున్నట్టేనని నీ మరదలంటది. సంతకమైనంక పోస్తం. సాలా?”

భాగ్యలక్ష్మి కాళ్ల దగ్గరున్న ఖాళీ సంచిని తీసుకుంది. ఒడిబియ్యం మోసుకపోదామని తెచ్చుకున్న సంచి అది. దాన్ని మడిచి చంకలో పెట్టుకొని లేచింది.

“యాడికి? ఆఫీసు ఇటు!”

“బస్టాండుకు. ఐదు సేర్ల బియ్యం పోస్తే ఎకరం ఇడిసిపెట్టి పోదామని అచ్చిన తమ్మీ. నాకు హక్కున్నదని నువ్వే యాది చేస్తివి.”